డెబ్బై శాతం... దేంట్లో?

మొన్న శుక్రవారం సాయంత్రం మా టీంలో కుర్రాడొకడు నా సీటు దగ్గరకొచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "అన్నా, నీకు మంచి ఫెర్టిలిటీ సెంటర్ ఏదన్నా తెలుసా?" అనడిగాడు. పెళ్ళయి మూడేళ్ళు. ఇంట్లో పెద్దాళ్ళ గోల. వాళ్ళావిడకి పీసీఓఎస్ అన్నారట. ఫోన్లో ఒక సెంటర్ వాళ్ళ బ్రోషరు చూపించాడు. సక్సెస్ రేట్ 70 శాతం, వడ్డీ లేని వాయిదాలు, మొదటి కన్సల్టేషన్ ఫ్రీ.

ఈ కుర్రాడు మామూలోడు కాదండి. కిందటి నెల ఒక వెండర్ వచ్చి, మా టూలు పెట్టుకుంటే మీ రెస్పాన్స్ టైం 40 శాతం తగ్గుతుందని స్లైడ్ వేస్తే, "ఏ లోడు మీద? ఎన్ని రిక్వెస్టుల మీద? దేంతో పోలిస్తే?" అని అడిగి అడిగి ఆయనకి ఏసీ గదిలో చెమటలు పట్టించాడు. అదే కుర్రాడు 70 శాతం అన్న అంకె చూసి బుద్ధిగా తలూపి వచ్చేశాడు. దేంట్లో డెబ్బై? ఎవరిలో డెబ్బై? అడగలేదు. వాణ్ణి అనడానికి నాకు నోరు లేదు లెండి, నేనూ అడగలేదు ఒకప్పుడు. అందుకే ఈ టపా.

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాను. ఇది చదివి బిళ్ళలు మింగకండి, మానకండి. ఇంకోటి, మా ఆవిడ ఇది చదివి "పెట్టుకో, కానీ నీ తప్పు కూడా రాయి" అన్నాకే పెడుతున్నాను. రాస్తాను.

2012లో మొదలైంది మా కథ. తనకి 28. నెలసరి యాభై, అరవై రోజులకోసారి. స్కానింగ్ తీసినావిడ "ఓవరీల నిండా నీటి బుడగలు" అంది. ఆ ఒక్క మాటతో ఇంట్లో అందరూ అదేదో గడ్డలని ఫిక్సయిపోయారు. అవి గడ్డలు కావు. పెరగడం మొదలెట్టి మధ్యలో ఆగిపోయిన అండాల సంచులు. అండాశయం అంచున వరసగా ఉంటాయి కాబట్టి ముత్యాల దండలా కనిపిస్తాయి. 1935లో షికాగోలో స్టైన్, లెవెంతాల్ అనే ఇద్దరు డాక్టర్లు ఏడుగురు ఆడవాళ్ళ కేసులు రాస్తే ఈ జబ్బుకి వాళ్ళ పేరే పడింది. అప్పటి వైద్యం అండాశయంలోంచి ముక్క కోసి తీసెయ్యడం! ఇప్పుడు వాడే లెక్క 2003లో రాటర్‌డాంలో కుదిరింది. అండం సరిగా విడుదల కాకపోవడం, మగ హార్మోన్లు ఎక్కువుండడం, స్కానులో ఆ దండ, ఈ మూడింట్లో రెండుంటే పీసీఓఎస్. అంటే స్కానులో దండ కనపడినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, కనపడనంత మాత్రాన లేనట్టూ కాదు.

ఇప్పుడు నా తప్పు. పద్నాలుగు నెలలు. తను నెలనెలా రక్తం ఇచ్చి, స్కానులు తీయించుకుని, బిళ్ళలు మింగుతున్న పద్నాలుగు నెలలు నేను వీర్య పరీక్ష చేయించుకోలేదు. కొన్ని వందల రూపాయలు, అరగంట పని. పిల్లలు కలగని జంటల్లో ఇంచుమించు సగం మందిలో మగాడి వైపు నుంచి కూడా ఏదో ఒక లోటు ఉంటుందని అప్పటికి నాకు తెలుసు, చదివాను కూడా. అయినా "రిలీజ్ ఉంది", "ఆన్‌సైట్ కాల్ ఉంది". డాక్టరమ్మ రెండుసార్లు రాసిచ్చింది, మూడోసారి రాయడం మానేసింది. మా అమ్మైతే "వాడికేం రోగం, రాయిలా ఉన్నాడు" అని తేల్చేసింది. వీసాకి చిలుకూరు, పిల్లలకి మోపిదేవి... అక్కడికి మటుకు సెలవు పెట్టి మరీ వెళ్ళాను, ల్యాబుకి వెళ్ళలేదు. చివరికి చేయించుకుంటే బానే ఉందని వచ్చింది. బానే ఉందని రావడం నా గొప్ప కాదు, అదృష్టం. వేరేలా వచ్చుంటే తను మింగిన బిళ్ళలన్నీ ఎందుకు మింగినట్టు?

సరే, బిళ్ళల సంగతికొద్దాం. అసలు గొడవ అక్కడే.

మొదటి ఎనిమిది నెలలు మెట్‌ఫార్మిన్. అవును, షుగర్ బిళ్ళే. పీసీఓఎస్ ఉన్నవాళ్ళలో చాలామందికి ఇన్సులిన్ సరిగా పనిచెయ్యదు కాబట్టి దానికి వేరే ఉపయోగాలున్నాయి. కానీ గర్భం రావడానికి అదొక్కటే చాలా? ఈ ప్రశ్నకి జవాబు 2007లోనే వచ్చేసింది. అమెరికాలో 626 మంది పీసీఓఎస్ ఆడవాళ్ళని మూడు గుంపులు చేసి ఆరు నెలలు చూశారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడినవాళ్ళలో 7.2 శాతం మందికి బిడ్డ పుట్టింది. క్లోమిఫిన్ వాడినవాళ్ళలో 22.5. రెండూ కలిపి వాడితే 26.8, అంటే క్లోమిఫిన్ కంటే చెప్పుకోదగ్గ తేడా ఏం కాదు. ఆ ఫలితం వచ్చిన ఐదేళ్ళకి మా ఆవిడకి ఎనిమిది నెలలు ఆ 7.2 శాతం బిళ్ళ. వీసా లాటరీకి కూడా అంతకంటే ఓపిగ్గా ఎదురుచూసి ఉండం.

తర్వాత క్లోమిఫిన్. 1967 నుంచీ వాడుకలో ఉన్న మందు. మెదడుకి ఈస్ట్రోజెన్ కనపడకుండా అడ్డం పడుతుంది. మెదడు కంగారుపడి అండాన్ని పెంచే హార్మోన్ ఎక్కువ పంపుతుంది. ఇబ్బందేంటంటే ఆ అడ్డం తొందరగా పోదు, రోజుల తరబడి ఒంట్లో ఉండిపోతుంది. ఈలోగా గర్భాశయం లోపలి పొరకి కూడా ఈస్ట్రోజెన్ అందదు, కొందరికి పొర పలచబడిపోతుంది. మా ఆవిడకి సరిగ్గా అదే. అండం వస్తోంది, పొర లేదు. ఆరు నెలలు అలా పోయాయి.

అప్పుడే మా ఆవిడ పిన్నిగారి అమ్మాయి న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసింది. తనదీ ఇదే జబ్బు. "అక్కా, నాకు లెట్రొజోల్ అని ఇచ్చారు, ఐదు రోజులే వేసుకోవాలి" అంది. మర్నాడు మా డాక్టరమ్మని అడిగితే ఆవిడ ఒక్క క్షణం ఆగి, "అది మంచి మందేనమ్మా, నేనూ రాసేదాన్ని. ఇప్పుడు రాయకూడదు, బాన్ చేశారు" అంది.

బాన్? రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే బిళ్ళ అది, మన దేశంలోనే తయారవుతుంది, కింద మందుల షాపులో దొరుకుతోంది. క్యాన్సర్‌కి వాడొచ్చు, అండం కోసం మాత్రం రాయకూడదు. ఆ రాత్రి కూర్చుని తవ్వాను. తవ్వేకొద్దీ ఒళ్ళు మండింది.

ఈ మందుని అండం కోసం వాడొచ్చని కెనడాలో మిత్వల్లీ, కాస్పర్ అనే డాక్టర్లు 2001లో రాశారు. ఇది మెదడుకి అడ్డం పడదు, అసలు ఈస్ట్రోజెన్ తయారీనే కొన్నాళ్ళు తగ్గిస్తుంది. రెండ్రోజుల్లో సగం ఒంట్లోంచి వెళ్ళిపోతుంది. నెలసరి మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా వేసుకుంటే, అండం విడుదలై, ఫలదీకరణం చెంది, గర్భాశయంలో నాటుకునే సమయానికి మందు దాదాపు ఉండదు. 2005లో మాంట్రియల్ సదస్సులో ఒక అబ్‌స్ట్రాక్ట్ చదివారు. ఈ మందు వాడగా పుట్టిన 150 మంది పిల్లల్ని, మామూలుగా పుట్టిన 36,050 మంది పిల్లలతో పోల్చారు. మొత్తం మీద లోపాల్లో పెద్ద తేడా లేదు గానీ గుండె, ఎముకల లోపాలు ఎక్కువ కనపడ్డాయన్నారు. మొదటి గుంపు తల్లులు వయసులో పెద్దవాళ్ళు, పిల్లలు కలగక వైద్యం చేయించుకున్నవాళ్ళు. రెండో గుంపు ఏ ఇబ్బందీ లేని తల్లులు. ఇలాంటి పోలికని మన కోడ్ రివ్యూలో ఎవడైనా పెడితే ఏమంటాం? ఆ అబ్‌స్ట్రాక్ట్ పూర్తి పేపరుగా ఎప్పటికీ అచ్చవలేదు. కానీ కంపెనీ భయపడి డాక్టర్లకి హెచ్చరిక లేఖలు పంపింది.

మరుసటేడు, అంటే 2006లో, కెనడాలోనే ఐదు సెంటర్లు కలిసి సరైన పోలిక చేశాయి. ఇద్దరూ వైద్యం చేయించుకున్న తల్లులే. లెట్రొజోల్ పిల్లలు 514 మందిలో 14 మందికి లోపాలు, క్లోమిఫిన్ పిల్లలు 397 మందిలో 19 మందికి. భయపడాల్సింది ఏదన్నా ఉంటే పాత మందుకే ముందు భయపడాలన్నమాట.

ఇవన్నీ అచ్చయిన తర్వాత, 2011 అక్టోబర్లో, మన ఆరోగ్య శాఖ లెట్రొజోల్‌ని సంతానం కోసం వాడకూడదని నిషేధించింది. న్యాయంగా ఒక మాట చెప్పాలి. 2007లో దీనికి ఇచ్చిన అనుమతే సరిగా ఇవ్వలేదు. మిగతా దేశాల్లో ఆ వాడకానికి అనుమతి లేని మందుని సరైన పరీక్షలు లేకుండా ఎలా వదిలారని 2012 మేలో పార్లమెంటరీ కమిటీ 59వ నివేదికలో కడిగేసింది. ఆ కోపం న్యాయమైనదే. అమెరికాలో ఎఫ్‌డీఏ కూడా ఈ వాడకానికి ఆమోదం ఇవ్వలేదు, అక్కడ డాక్టరు తన బాధ్యత మీద రాస్తాడు, అంతే.

కానీ చూడండి. 2007 నుంచి 2011 దాకా నాలుగేళ్ళు దేశమంతా డాక్టర్లు ఈ మందు రాశారు. ఎంతమంది ఆడవాళ్ళు వేసుకున్నారు? ఎంతమందికి బిడ్డ పుట్టింది? పుట్టిన వాళ్ళలో ఎంతమందికి గుండెలో లోపం? ఇది ఎక్కడా ఒక చోట రాసి లేదు. రాసి ఉంటే 2011లో ఒక్క క్వెరీ కొడితే తేలిపోయేది, మందు చెడ్డదైతే అప్పుడే తెలిసేది, మంచిదైతే నిషేధమే ఉండేది కాదు. ప్రొడక్షన్లో ఏదన్నా పగిలితే మనం మొట్టమొదట అడిగేది లాగులు. ఇక్కడ నాలుగేళ్ళు సిస్టం నడిపి లాగింగ్ ఆఫ్ చేసి పెట్టారు. తెరిచినప్పుడూ చూసుకోలేదు, మూసినప్పుడూ చూసుకోలేదు.

అసలు ప్రశ్నకి గట్టి జవాబు 2014 జులైలో వచ్చింది, అమెరికా నుంచి. 750 మంది పీసీఓఎస్ ఆడవాళ్ళు, ఐదు సైకిళ్ళ దాకా. లెట్రొజోల్ వాళ్ళలో 27.5 శాతం మందికి బిడ్డ పుట్టింది, క్లోమిఫిన్ వాళ్ళలో 19.1. పెద్ద లోపాలతో పుట్టిన పిల్లలు ఇటు నలుగురు, అటు ఒకరు. ఆ సంఖ్యల మీద అది యాదృచ్ఛికం కాదని చెప్పలేం అన్నారు, నిజమే, కానీ దాచకుండా పేపర్లో రాశారు చూశారా, నాకు నచ్చింది అదే. మన దగ్గర నిషేధం ఎత్తేసింది 2017లో. 2018లో, మళ్ళీ 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల్లో పీసీఓఎస్‌కి అండం కోసం మొదటి మందు ఇదే.

ఇంకో చేదు నిజం. ఆ 750 మంది సగటు బీఎంఐ 35. మా ఆవిడది 24. మన దగ్గర సన్నగా ఉండి పీసీఓఎస్ ఉన్నవాళ్ళు ఎంతమందో మీ చుట్టూ చూడండి. ఆ 27.5 మనవాళ్ళకి ఎంతవుతుంది? మన లెక్క మనం రాసుకోకపోతే మనకి ఎప్పటికీ వాళ్ళ లెక్కే గతి.

2014 చివర్లో, క్లోమిఫిన్ విఫలమయ్యాక, లెట్రొజోల్ రాయకూడదు కాబట్టి, మమ్మల్ని ఎక్కడికి తోశారంటే ఐవీఎఫ్‌కి. ఐదు రోజుల బిళ్ళకీ, లక్షా ఎనభై వేల ప్యాకేజీకీ మధ్య ఉన్న మెట్టుని ప్రభుత్వం తీసేసింది, మేం నేరుగా పై అంతస్తులో పడ్డాం. పీసీఓఎస్ ఉన్నవాళ్ళకి ఇంజెక్షన్లిస్తే అండాలు మరీ ఎక్కువ వస్తాయి. తనకి ఇరవై ఎనిమిది వచ్చాయి. కౌన్సిలర్ "సూపర్ రెస్పాన్స్ సార్" అని అభినందించింది. మూడో రోజుకి పొట్ట ఉబ్బిపోయి, ఊపిరి అందక, వేరే ఆసుపత్రిలో ఐదు రోజులుంది. పొట్టలో నీరు సూదితో తీశారు. నేను పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నా, స్క్రీన్ వంక చూస్తూ ఏం చెయ్యకుండా. దీని గురించి 2016లో చైనా వాళ్ళు పీసీఓఎస్ ఉన్న 1,508 మంది మీద చేసిన ట్రయల్ అచ్చయింది. పిండాన్ని వెంటనే పెట్టకుండా గడ్డకట్టించి తర్వాత పెడితే ఈ ప్రమాదం 7.1 శాతం నుంచి 1.3కి పడిపోయింది, బిడ్డలు కూడా ఎక్కువ పుట్టారు, 42 శాతానికి బదులు 49.3. లెక్క రాసుకుంటే జరిగేది ఇది. ఎవరో ఒకావిడ పొట్ట ఉబ్బకుండా ఆగుతుంది.

ఇప్పుడు ఆ డెబ్బై దగ్గరకొద్దాం. ఊరికే ఒక లెక్క అనుకోండి, నిజం అంకెలు కావు. వందమంది ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఇరవై మందికి మధ్యలో ఆపేశారు, లేదా పెట్టడానికి పిండమే మిగల్లేదు. ఎనభై మందికి పెట్టారు. నలభై మందికి రక్త పరీక్షలో పాజిటివ్. వాళ్ళలో కొన్ని వారాల్లోనే కొన్ని పోతాయి. చివరికి ఇంటికి బిడ్డతో వెళ్ళింది ఇరవై ఎనిమిది మంది. ఇక్కడ సక్సెస్ రేటెంత? పాజిటివ్‌ని పిండం పెట్టినవాళ్ళతో భాగిస్తే 50. ముప్పై ఐదు దాటినవాళ్ళని లెక్కలోంచి తీసేస్తే ఇంకా పైకి. మూడు సైకిళ్ళు కలిపితే మీకు కావలసిన డెబ్బై. బిడ్డని, మొదలుపెట్టినవాళ్ళతో భాగిస్తే 28. అబద్ధం ఎవరూ ఆడలేదు, హారం మార్చారంతే. మేం మధ్యలో ఆగిపోయిన ఆ ఇరవై మందిలో ఉన్నాం. అంటే వాళ్ళ బ్రోషర్లో మేం ఫెయిల్యూర్ కూడా కాదు. లేనే లేం.

"కష్టమైన కేసులు మేమే తీసుకుంటాం, ఫలితాలు బయటపెడితే ఇక ఎవరూ వాళ్ళని తీసుకోరు" అని డాక్టర్లంటారు. ఈ మాటలో నిజముంది, కొట్టిపారెయ్యను. అందుకే వయసులవారీగా, మొదలుపెట్టిన సైకిల్ లెక్కన చెప్పమనడం. బ్రిటన్లో 1991 నుంచీ దీనికో సంస్థ ఉంది, క్లినిక్ పేరు కొడితే దాని లెక్క వస్తుంది. అమెరికాలో 1992లో దీని కోసమే చట్టం చేశారు. (ఆ లెక్కలు చూసే చిన్న టీముని 2025 ఏప్రిల్లో తీసేశారు. తెలివితక్కువతనం మన సొత్తేం కాదు.) మనకీ 2021లో చట్టం వచ్చింది, అందులో జాతీయ రిజిస్ట్రీ ఉంది, ఫలితాలు కూడా సేకరించాలని స్పష్టంగా రాశారు. నేను ఆ సైటులో వెతికితే రిజిస్టరైన క్లినిక్కుల పేర్లు దొరికాయి. ఏ క్లినిక్‌లో ఎంతమంది మొదలుపెడితే ఎంతమందికి బిడ్డ పుట్టింది అన్నది దొరకలేదు.

మనకి ఇది కొత్త కూడా కాదు. 1978లో ఇంగ్లండులో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టిన కొద్ది వారాలకే కలకత్తాలో సుభాష్ ముఖర్జీ అనే డాక్టరు అదే పని చేసి చూపించాడు. ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన్ని నమ్మలేదు, బదిలీలతో వేధించారు, 1981లో ఆత్మహత్య చేసుకున్నాడు. దేశంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీని పుట్టించానని పేరున్న ఆనంద్ కుమార్ గారే ఆయన కాయితాలు చదివి, మొదటివాడు నేను కాదు ఆయనేనని 1997లో ప్రకటించారు. ఆయన రాసి పెట్టుకున్న కాయితాలు ఉండబట్టి పదహారేళ్ళ తర్వాతైనా తేలింది.

మాకు చివరికి పిల్లలు పుట్టారా లేదా అని అడుగుతారు, తెలుసు. చెప్పను. చెబితే పైన రాసిన 626, 750, 1,508 అన్నీ మర్చిపోయి ఆ ఒక్కటే గుర్తుపెట్టుకుంటారు, "ఫలానా బ్లాగరుకి అదే పనిచేసిందట" అని ఇంకొకరికి చెబుతారు. సెంటర్ల గోడల మీద ఫోటోలు పనిచేసేది కూడా అలాగే.

ఇకపోతే మా కుర్రాడు. సోమవారం వచ్చాడు. నేను చెప్పినట్టే వెళ్ళి అడిగాడట, మా ఆవిడ వయసువాళ్ళు, పీసీఓఎస్ ఉన్నవాళ్ళు, కిందటేడు మీ దగ్గర ఎంతమంది మొదలుపెట్టారు, ఎంతమందికి బిడ్డ పుట్టింది, ఎంతమంది ఆసుపత్రి పాలయ్యారు, మాకు ముందు బిళ్ళతో ఎందుకు ప్రయత్నించడం లేదు అని. కౌన్సిలర్ నవ్వి, "సార్, మీరు ఐటీనా?" అందట. తర్వాత "డేటా కాన్ఫిడెన్షియల్ సార్" అని, ఈ నెలాఖరులోగా బుక్ చేసుకుంటే పది శాతం తగ్గిస్తానందట.

"సర్లే, నీ టెస్టు అయిందా?" అన్నాను.

నేల చూపులు చూశాడు. "రిలీజ్ ఉంది కదన్నా..."

శనివారం పొద్దున ఎనిమిదింటికి ల్యాబులో స్లాట్ నేనే బుక్ చేశాను. రిలీజ్ నేను చూసుకుంటానని చెప్పాను.